కనుమనాడు కదిలే బండి

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



కనుమనాడు కాకి కూడా కదలదని మన పెద్దవాళ్లు అంటారు. ఆ రోజు ప్రయాణం పెట్టుకుంటే యింట్లో ఒప్పుకోరు. కూతురూ అల్లుడూ మూటాముల్లే సర్దుకుంటే అత్తగారు అడ్డం వస్తుంది. "కనుమ వెళ్లనివ్వండి, ముక్కనుమ చూసుకుని వెళుదురుగాని" అంటుంది. మినప్పప్పు నానబోసి గారెలు వండి మరీ ఆపుతుంది. మనందరి యిళ్లలోనూ జరిగేదే యిది.

అయితే ఆ కనుమనాడే పొద్దున్న మన గుమ్మంలోకి పాలపాకెట్టు వస్తుంది. బజారుకు వెళితే ఉల్లిపాయలు వుంటాయి. మందుల షాపులో బి.పి. మాత్రలు వుంటాయి. గ్యాసు బండ అయిపోతే దానికీ ఓ దారి వుంటుంది. ఇవన్నీ రాత్రికి రాత్రి నేలలోంచి మొలిచినవి కావు గదా! ఎక్కడో ఒక డ్రైవరు, పక్కన ఒక క్లీనరు, భోగి రాత్రీ సంక్రాంతి రాత్రీ నిద్ర కాచి తెచ్చినవి. కాకి కదలని రోజున లారీ కదులుతుందన్నమాట. ఆ లారీలో వున్నవాళ్లకీ యిళ్లున్నాయి. ఆ యిళ్లలోనూ మనలాంటి ఆడవాళ్లు గుమ్మానికి తోరణం కట్టుకుని ఎదురు చూస్తున్నారు. వాళ్లని గురించే ఈ నాలుగు మాటలు.

అసలు కనుమ ఎవరి పండగో ఒకసారి గుర్తు చేసుకుందాం. అది పశువుల పండగ. ఆ రోజు ఎద్దుల్ని చెరువుకు తోలి కడుగుతారు. కొమ్ములకు రంగులు పూస్తారు, మెడలో గంటలూ పూలదండలూ వేస్తారు, మంచి మేత పెడతారు. కాడి మాత్రం వెయ్యరు. ఎద్దు కదలకపోతే బండి ఎలా కదులుతుంది? బండి కదలకపోతే బండివాడెక్కడికి పోతాడు? అంచేత ఆ రోజు బండివాడు కూడా యింట్లోనే. కాకి సామెత సంగతి ఎలా వున్నా, ఎద్దుకు యిచ్చిన సెలవు మనిషికి కూడా దొరికేది. సరుకు మోసేది ప్రాణమున్న జీవి కాబట్టి దానికి అలసట వుంటుందని అందరికీ తెలుసు. ఎద్దు ఆగిందంటే ఆగిందే. దాన్ని ఏ షావుకారూ తొందరపెట్టలేడు.

ఇంకొంచెం వెనక్కి వెళదాం. చక్రాల బండి పోలేని దారుల్లో ఎద్దుల వీపు మీదే పెరికలు వేసి సరుకు మోయించేవారు. ఆ పని చేసినవాళ్లలో పేరెన్నికగన్నవాళ్లు బంజారాలు, అంటే మన లంబాడీలు. ఉప్పు, ధాన్యం, పప్పులు ఒక సీమ నుంచి మరో సీమకు వాళ్లే చేరవేసేవారు. పెద్ద పెద్ద సైన్యాలకు కూడా తిండిగింజలు వాళ్ల ఎద్దుల మీదే వెళ్లేవి. టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు మన గోలకొండ రాజ్యంలో కూడా తిరిగాడు. 1676లో అచ్చయిన తన పుస్తకంలో ఈ బిడారుల సంగతి రాశాడు. ఒక్కొక్క బిడారులో పదివేలు, పన్నెండువేల ఎద్దులు వుండేవట! ఇరుకు దారిలో అవి ఎదురైతే అన్నీ దాటిపోయేదాకా మిగతా ప్రయాణికులు రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట.

మనం ముఖ్యంగా గమనించవలసిన సంగతి యింకొకటి వుంది. ఆ బిడారులో మగవాళ్లు మాత్రమే నడవలేదు. భార్యలు, పిల్లలు, వంట సామాను, గుడారాలు అన్నీ వెంట వచ్చేవి. విడిది చేసినచోట పొద్దున్నే దేవుణ్ణి నిలబెట్టి దణ్ణం పెట్టుకునేవారని, ఆడపిల్లలు మూడుసార్లు ప్రదక్షిణం చేసేవారని, తరవాత ఆ దేవుణ్ణి జాగ్రత్తగా తీసి ఆయనకోసం కేటాయించిన ఎద్దు మీద ఎక్కించేవారని టావెర్నియే రాశాడు. చూశారూ! దేవుడు కూడా దారిలోనే, సంసారం కూడా దారిలోనే. అందుకని పండగ కూడా దారిలోనే జరిగిపోయేది. ఎవరో ఒకరు ఎక్కడో దూరాన కూర్చుని ఎదురు చూడవలసిన పని లేదు. వానలు పట్టి దారులు బురదయితే తండా ఒకచోట కుదురుకునేది. ఈనాటికీ తెలంగాణా తండాలలో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి చేసుకునే తీజ్ పండగ వానాకాలంలో, శ్రావణమాసంలోనే వస్తుంది.

తరవాత రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. ఇనపదారి వేసినచోటల్లా బిడారుల పని తగ్గిపోయింది. లంబాడీలలో చాలామంది వ్యవసాయానికీ, పశువుల పెంపకానికీ, కూలికీ మళ్లవలసి వచ్చింది. రైలు స్టేషను నుంచి ఊళ్లోకి సరుకు తేవటానికి మాత్రం ఎద్దుబండి మిగిలింది. ఆ బండికి ఇంకా కనుమ వుంది.

ఇక లారీ. మొదటి ప్రపంచయుద్ధం 1918లో ముగిశాక సైన్యం దగ్గర మిగిలిపోయిన మోటారు బళ్లు అమ్మకానికి వచ్చాయి. వాటితో కొందరు సరుకు రవాణా మొదలుపెట్టారు. మెల్లిగా అవి రైలుకే పోటీ అయ్యాయి. ఆ పోటీ సంగతి తేల్చమని దొరతనం వారు మిచెల్, కిర్క్‌నెస్ అనే యిద్దరు అధికారులకు అప్పజెప్పారు. ఆ తరవాత 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది. పర్మిట్లు పెట్టి లారీలకు కళ్లెం వేశారు. 1947లో దేశవిభజన జరిగి పంజాబు నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలలో చాలామంది ఈ వృత్తిలోకి దిగారు. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా వారు జర్మనీ కంపెనీతో కలిసి లారీలు చెయ్యటం మొదలుపెట్టారు. మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ లేలాండ్ లారీలు తయారయ్యాయి. మన వైపు 1957లో విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ, 1974లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన వచ్చాయి. కలకత్తా-మద్రాసు రోడ్డు మీద బళ్ల వరస పెరిగింది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన రాష్ట్రంలోనే వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ఆ దారి. చాలాకాలం దాన్ని 5వ నంబరు జాతీయ రహదారి అన్నాం. 2010లో నంబర్లు మార్చాక అది 16 అయింది.

ఇంజనుకు కొమ్ములు లేవు, రంగులు పూయటానికి. ఆయిలు మార్చి, నీళ్లు పోసి, డీజిలు కొట్టిస్తే అది పండగనాడూ నడుస్తుంది, పర్వంనాడూ నడుస్తుంది. ఎద్దుతో పాటు మనిషికి దొరికిన సెలవు కాస్తా అలా జారిపోయింది. సంసారం బండితో రావటం కూడా ఎప్పుడో పోయింది. ఇల్లు ఒకచోట, బండి ఒకచోట. మధ్యలో ఆడమనిషి లెక్క పెట్టుకునే రోజులు.

పండగ ముందు లారీకి పని యింకా ఎక్కువ. దసరాకి కోనసీమ కొబ్బరికాయలు ఉత్తరాదికి వెళ్లాలి. దీపావళికి శివకాశి నుంచి టపాకాయలు రావాలి. సంక్రాంతికి అనకాపల్లి బెల్లం రాకపోతే మన అరిసెలు పాకానికి రావు. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల చేపలు ఐసులో పెట్టి కలకత్తా వైపు పంపాలి. విజయవాడ నుంచి అక్కడికి సుమారు 1,200 కిలోమీటర్లు. చేప ఆగదు, ఐసు ఆగదు, డ్రైవరు ఆగటానికి వీలెక్కడిది? తీరా అక్కడికి చేరేసరికి ఆ ఊళ్లో పండగ అయితే దింపే కూలీలు వుండరు. పెద్ద ఊళ్లలో పండగ రద్దీకి లారీలను పగలు లోపలికి రానివ్వరు. ఊరి బయట వరసలో నిలబడాలి. దింపిన తరవాత రిటర్ను లోడు దొరకాలి. ఖాళీ బండితో వస్తే డీజిలు ఖర్చు కూడా గిట్టదు. ఇన్ని దాటుకుని వస్తే అప్పటికి పండగ వెళ్లిపోయి వారమవుతుంది.

మాకు రెండు వీధుల అవతల ఒకావిడ వుంది. భర్త పాతికేళ్లుగా లారీ నడుపుతున్నాడు. పండగలు ఎలా గడుపుతారమ్మా అని అడిగితే యిలా చెప్పింది: "ఆయన వచ్చిన రోజే మాకు పండగండి. ఒకేడు దీపావళికి రాలేదు. పిల్లలు టపాకాయలు ముట్టుకోలేదు. నాన్న వచ్చాకే అన్నారు. నాగులచవితికి కాసిని మిగల్చటం అందరికీ అలవాటే గదండి, మేం మొత్తం అంతా మిగిల్చాం. చవితికీ రాలేదు. కార్తీకపున్నమి రాత్రి వచ్చి హారను కొట్టాడు. చలికి సగం చిచ్చుబుడ్లు తుస్సుమన్నాయండి. అయినా వీధంతా లేచి చూశారు." నవ్వుతూనే చెప్పింది గాని, ఆ పదిహేను రోజులూ ఆవిడకి కబురంటూ ఏమీ లేదట. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లి అడిగితే "వస్తాడమ్మా" అన్నారట. అంతే.

అప్పట్లో కబురు అంటే ఆ ఆఫీసు ఫోనూ, వీధి చివర కిరాణా కొట్టు ఫోనూ. తరవాత ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. మన దేశంలో సెల్‌ఫోను 1995లో వచ్చినా, వచ్చిన ఫోనుకు కూడా డబ్బు కట్టవలసిన రోజులవి. 2003లో ఆ చార్జీ పోయాకే మామూలు యిళ్లకు అది అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు బొమ్మ కనబడే ఫోనులో పిల్లల కొత్తబట్టలు చూడగలుగుతున్నాడు. సంతోషమే. కాని అరిసె ఫోనులో వెళ్లదు గదా!

అందుకే ఆ యిళ్లలో వంటకాల ఎంపిక కూడా వేరుగా వుంటుంది. పండగకి వారం ముందే అరిసెలు, జంతికలు, సున్నుండలు చేసి డబ్బాకెత్తి క్యాబినులో పెడతారు. నీటి తడి లేని పిండివంట నాలుగు రోజులు నిలుస్తుంది. బయలుదేరేనాటికి చింతపండు పులిహోర కలిపి, నూనె కాస్త ఎక్కువ పోస్తారు. బూరెలు పెట్టరు, పూర్ణం పాడవుతుంది. దారిలో డ్రైవరూ క్లీనరూ స్టవ్వు వెలిగించుకుని, లారీ నీడన కూర్చుని అన్నం వండుకుంటారు. పండగనాడైతే అందులోనే గుప్పెడు బెల్లం వేసి పరమాన్నం అనుకుంటారు. ఇంజను ముందున్న దేవుడి పటానికి అగరొత్తి వెలిగిస్తారు. టావెర్నియే చూసిన బిడారులో దేవుడికి ఒక ఎద్దు వుంటే, లారీలో దేవుడికి అద్దం కింద జానెడు చోటు.

లారీవాళ్లు తమకంటూ ఒక కనుమ కూడా చేసుకున్నారు. అదే ఆయుధపూజ. మహర్నవమినాడు లారీని కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, ముందు అరటిపిలకలు కట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఎద్దుకు చేసినవే చాలావరకు యివన్నీ. కడగటం, అలంకరించటం, ఒక పూట నిలబెట్టటం. ఒరిస్సా, బెంగాలు వైపు వెళ్లినవాళ్లు సెప్టెంబరు 17న అక్కడి విశ్వకర్మ పూజలో కూడా బండికి దండ వేయించుకుంటారు. బండి పూజ అని చెబితే ఓనరు కూడా కాదనడు. బండి పేరు చెప్పుకుని మనిషి ఒక పూట నడుం వాలుస్తాడు.

మరి చట్టం ఏమీ చెయ్యలేదా అని మీరు అడగవచ్చు. చేసింది. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదన్నారు. 5 గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి యివ్వాలన్నారు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు అన్నారు. రాత్రి మజిలీ చేసేచోట విశ్రాంతి గదులు కూడా వుండాలన్నారు. చదివితే ఎంత బాగున్నాయో చూడండి.

అయితే అందులోనే రెండు మెలికలు వుండేవి. ఒకటి, దూరపు రూట్లలోనూ, పండగలలాంటి సందర్భాలలోనూ అధికారుల అనుమతితో రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటల దాకా పని చేయించుకోవచ్చునన్నారు. మనకి పండగ అంటే సెలవు. చట్టంలో ఆ కార్మికుడికి పండగ అంటే అదనపు పని! పండగకి అందరూ ఊళ్లకు వెళ్లాలి, సరుకు అందాలి గనుక అది తప్పలేదేమో. కాని తరవాతైనా ఆ విశ్రాంతి తిరిగి రావాలి గదా.

రెండోది యింకా పెద్దది. అయిదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థలకే ఆ చట్టం వర్తించింది. మన దేశంలో లారీలలో ఎక్కువ భాగం కొద్ది బళ్లున్న చిన్న ఓనర్లవి. రెండు లారీలకు యిద్దరు డ్రైవర్లు, యిద్దరు క్లీనర్లు. వెరసి నలుగురు. చట్టం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. చాలాచోట్ల ఓనరే డ్రైవరు, ఫైనాన్సు వాయిదాలు తరుముతుంటే తన సెలవు తనే కోసుకుంటాడు. 2020లో పార్లమెంటు ఈ చట్టాన్నీ మరో పన్నెండింటినీ కలిపి పని పరిస్థితుల మీద ఒకే కోడ్ చేసింది. అది 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. అందులో ఈ అయిదు అనే అంకె పది అయింది. గుమ్మం యింకొంచెం ఎత్తయిందన్నమాట.

నిద్ర చాలని మనిషి చేతిలో ఇరవై, ముప్ఫై టన్నుల బండి వుంటే ఆ ప్రమాదం అతనొక్కడిది కాదు. పండక్కి కారులో పుట్టింటికి వెళ్లే మనదీ, మన పిల్లలదీ కూడా. సంక్రాంతి ముందు హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీద పంతంగి టోలుగేటు దగ్గర బారులు తీరిన కార్లను మీరూ చూసే వుంటారు. ఆ బారుల మధ్యే, ముందు రెండు రాత్రులు కన్ను మూయని డ్రైవరు కూడా వుండవచ్చు. అతని సెలవు మన క్షేమం కూడా.

కొన్ని మార్పులు వచ్చాయి. ఒకప్పుడు రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకంపన్ను చెక్‌పోస్టుల దగ్గర గంటలు గంటలు పడివుండవలసి వచ్చేది. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చాక ఆ చెక్‌పోస్టులు తీసేశారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబినులో ఏ.సి. తప్పనిసరి చేశారు. ఎండాకాలంలో ఇంజను సెగ పక్కన కూర్చునే మనిషికి అది విలాసం కాదు. అయితే ఆ వేళకు ముందు తయారయిన లక్షల లారీలు యింకా రోడ్డు మీదే వున్నాయి.

2020 మార్చి 25 గుర్తుందా? శార్వరి ఉగాది. కరోనా లాక్‌డౌను మొదలయిందీ ఆ రోజే. మనం గడప దాటకుండా యింట్లో వేపపువ్వు పచ్చడి చేసుకున్నాం. వేపపువ్వు దొరకనివాళ్లు వేపాకు వేసుకున్నారు. ఆ వేళ లారీలు ఎక్కడివక్కడ రోడ్డు పక్కన ఆగిపోయాయి. డాబాలు మూశారు, టైరుకు పంక్చరు వేసే దుకాణం లేదు. అన్ని రకాల సరుకూ వెళ్లవచ్చని కేంద్రం 29వ తేదీకి గాని స్పష్టం చెయ్యలేదు. డాబాలకూ, రిపేరు షాపులకూ ఏప్రిల్ మధ్యలో గాని అనుమతి రాలేదు. ఆ రోజుల్లో కూడా మన వంటింట్లో పప్పూ బియ్యం నిండుకోలేదంటే, తిండి దొరకని దారిలో కూడా నడిపినవాళ్లు వున్నారు గనుకనే. దారి పక్క ఊళ్లలో ఆడవాళ్లు అన్నం పొట్లాలు కట్టి యిచ్చిన చోట్లు కూడా వున్నాయి.

మనం చెయ్యగలిగింది ఏముంది అంటారా? కొంచెం వుంది. పండగ సామాను ఆఖరి రోజున పరుగు మీద కొనేబదులు వారం ముందు కొనుక్కుంటే కొట్టువాడు తొందరపెట్టడు, ఆ తొందర లారీదాకా పోదు. ఇల్లు మారుతూ లారీ మాట్లాడుకునేటప్పుడు పండగ పూట పెట్టకండి. సామాను దింపే డ్రైవరుకీ, కూలీలకీ మంచినీళ్లు యివ్వటం మన యిళ్లలో వుంది. కాళ్లూ చేతులూ కడుక్కోవటానికి చోటు కూడా చూపించండి. మహిళామండలిలో మాట్లాడేటప్పుడు, ఓటు అడగటానికి వచ్చినవాళ్లతో మాట్లాడేటప్పుడు అడగవలసిన ప్రశ్న కూడా ఒకటుంది. పదిమంది లేని చోట పనిచేసేవాడికి సెలవు అక్కరలేదా అని.

మీ వీధిలో లారీ డ్రైవరుగారి యిల్లు వుంటే, ఈ కనుమకు ఆ యింటి ఆవిణ్ణి పేరంటానికి పిలవండి. గారెల గిన్నె ఒకటి పిల్లలకు పంపండి. వాళ్ల యింట్లో అసలు పండగ ఎప్పుడో కూడా అడిగి తెలుసుకోండి. ఆ రోజు హారను మోత మీకూ వినిపిస్తుంది.